ఎర్ర కాగితం అతికించిన నవలలు: ఒక శాఖా గ్రంథాలయంలో దొరికే సలహా గురించి

అమలాపురానికి దగ్గరలోని ఒక శాఖా గ్రంథాలయంలో, డిటెక్టివ్ నవల కావాలని అడిగిన పాఠకుడికి బీరువా చూపించి వదిలేయకుండా, గ్రంథపాలకురాలు పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడి పుస్తకం ఎంచి ఇస్తారు. సభ్యత్వపు డిపాజిట్ తప్ప దీనికి వేరే రుసుము ఏమీ లేదు. ఏడాదిగా ఈ సాయం పొందుతున్న పాఠకుడిగా ఇందులోని మంచిచెడ్డలు రాస్తున్నాను.

ఈ సాయం ఎందుకు అవసరమో తెలియాలంటే ముందు బీరువాలు చూడాలి. గ్రంథాలయాల్లో పుస్తకాలకు సంఖ్యలిచ్చి అమర్చే పద్ధతి అయిన, 1876లో వెలువడిన డ్యూయీ వర్గీకరణ సాహిత్యాన్ని భాషను బట్టి, ప్రక్రియను బట్టి విడదీస్తుందే కాని కథావస్తువును బట్టి కాదు. అందువల్ల తెలుగు నవలలన్నీ ఒకే సంఖ్య కిందికి వచ్చి, రచయితల పేర్ల వరుసలో నిలబడతాయి, హత్య కథ పక్కనే అత్తాకోడళ్ల కథ ఉంటుంది. ఈవిడ నేర కథలన్నిటి వెన్ను మీదా ఎర్ర కాగితం అతికించారు. అది మంచి పనే కాని, సగం పని మాత్రమే. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, అసిస్టెంట్ రాజును వెంటబెట్టుకుని ఒక్కొక్క ఆధారం పట్టుకుంటూ నేరస్థుడిని చేరుకునే డిటెక్టివ్. మధుబాబు గారి షాడో శత్రువుల స్థావరాల్లోకి చొరబడి కొట్లాడే గూఢచారి. రెండింటికీ ఒకే ఎర్ర కాగితం ఉంటుంది. ఒకదాని కోసం వచ్చి రెండోదాన్ని పట్టుకెళ్లినవాడు మూడో రోజున విసుక్కుంటూ తిరిగి ఇచ్చేస్తాడు, తప్పు పుస్తకానిదే అనుకుంటాడు.

ఆవిడ మొదటి రోజున నన్ను ఇష్టమైన రచయిత ఎవరని అడగలేదు. “ఆఖర్న పూర్తిగా చదివిన పుస్తకం ఏదండి? మధ్యలో ఆపేసింది ఏదండి?” అని అడిగారు. రెండో ప్రశ్నకు నేను చెప్పిన జవాబే ఎక్కువ పనికొచ్చిందని తరవాత అర్థమైంది. పసిపిల్లను చంపిన ఘట్టం దగ్గర ఒక నవల మూసేశానని చెప్పాను. ఆ మాట నా పేరు మీద ఉన్న నోటు పుస్తకంలో రాసుకున్నారు, ఆ తరవాత అటువంటి పుస్తకం ఒక్కటి కూడా నా చేతికి రాలేదు. నెత్తురు ఎంతవరకు భరించగలరు, హంతకుణ్ని మీరే కనిపెట్టాలనుకుంటారా లేక డిటెక్టివ్ వెనక నడిస్తే చాలా, ఒకే డిటెక్టివ్ వరుసగా రావాలా అన్నవి తక్కిన ప్రశ్నలు. పాఠకుడికి తీరిక ఎంత ఉందో కూడా కనుక్కుంటారు. దాళ్వా కోతలు అయిపోయి కాలువలు కట్టేసిన వేసవిలో వచ్చే రైతుకు లావుపాటి నవల ఇస్తారు, ఊడ్పుల కాలంలో అదే మనిషికి చిన్న కథల సంపుటి ఇస్తారు.

ఈ పనిలో ఆవిడ నేర్పు నాకు బాగా తెలిసింది ఒక తొమ్మిదో తరగతి కుర్రాడి విషయంలో. షెర్లాక్ హోమ్స్‌ను మొదటినుంచీ చదవాలని వచ్చాడు. మొదటినుంచీ అంటే 1887లో వచ్చిన తొలి నవల. అందులో నేరస్థుడు పట్టుబడ్డాక కథ లండన్‌ను వదిలి అమెరికా ఎడారికి వెళ్లి, చాలా పుటల పాటు హోమ్స్ లేకుండానే సాగుతుంది. కొత్త పాఠకులు ఆగిపోయే చోటు అదే. ఆవిడ ఆ నవలను పక్కన పెట్టి, ముందు చిన్న కథల అనువాదం ఇచ్చారు. వరుస తప్పినందుకు కుర్రాడు కాస్త మొహం ముడుచుకున్నా, నెల తిరక్కుండా తొలి నవలను తనే అడిగి తీసుకెళ్లాడు. నాకు ఆవిడ ఇచ్చిన అగాథా క్రిస్టీ అనువాదం 1926 నాటి నవల. అందులోని ఆఖరి మలుపు గురించి ఎవరు ఎంత గుచ్చి అడిగినా ఆవిడ నోరు విప్పరు. డిటెక్టివ్ నవల గురించి సలహా చెప్పేవారికి ఇంతకంటే ముఖ్యమైన అర్హత ఉందని నేననుకోను, ఎందుకంటే మా ఊళ్లో కథ బాగుందని చెప్పబోయి హంతకుడి పేరుతో మొదలుపెట్టేవారే ఎక్కువ.

ఆవిడ నా విషయంలో ఒక్కసారి పొరబడ్డారు. ఉత్కంఠ కావాలని నేను అన్న మాటను పట్టుకుని ఒక క్షుద్ర నవల ఇచ్చారు. మూడు హత్యలూ చేతబడి వల్ల జరిగాయని తేలేసరికి, అంతదాకా మనసులో ఆధారాలు లెక్కపెట్టుకుంటూ వచ్చిన నాకు ఒళ్లు మండింది. అతీత శక్తులు నేరానికి కారణం కాకూడదని ఇంగ్లీషు డిటెక్టివ్ కథల రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లోనే డిటెక్టివ్ కథలకు రాసిన పది నియమాల్లో ఉంది. తెలుసుకున్న ఆధారాలను డిటెక్టివ్ పాఠకుడి ముందు వెంటనే పెట్టాలన్నది కూడా వాటిలోనిదే. ఈ రెండింటినీ ఆవిడకు చెప్పి పుస్తకం తిరిగి ఇచ్చాను. ఆవిడ నొచ్చుకోకుండా, నా పుటలో “దయ్యాలు వద్దు” అని చేర్చుకున్నారు. నన్నడిగితే ఎర్ర కాగితం మీదే దీనికొక గుర్తు పెట్టడం మేలు. క్షుద్ర నవలలు ఇష్టపడేవారూ ఉన్నారు, వారికి వెతుకులాట తప్పుతుంది.

ఇక సలహా ఎంత మంచిదైనా బీరువాలో ఉన్నదాని వరకే. ఇక్కడి డిటెక్టివ్ నవలల్లో చాలా భాగం పాత పాకెట్ సైజు ప్రతులు. గోదావరి చెమ్మకు అట్టలు ఊడి, కొన్నిటికి ఆఖరి పుటలు పోయాయి. మామూలు నవలకు ఆఖరి పుటలు పోతే సర్దుకోవచ్చు, డిటెక్టివ్ నవలకు పోతే చదివిందంతా వృథా. అటువంటి ప్రతుల మొదటి పుటలో ఈవిడ ఎన్ని పుటలు లేవో పెన్సిలుతో రాసి పెడతారు, తెలిసి తీసుకెళ్లేవారికే ఇస్తారు. హంతకుడి పేరును పన్నెండో పుట అంచున బాల్ పెన్నుతో రాసే మహానుభావులకు మాత్రం ఇంతవరకు మందు దొరకలేదు. కొత్త నవలలు రావడం తక్కువ. ఇరవై ఏళ్లలోపు రాసిన నేర కథలు కావాలనేవారు ఇక్కడ నిరాశపడతారు.

వెళ్లదలచినవారు ఉదయం పేపర్లు చదివే వేళ కాకుండా సాయంత్రం నాలుగు దాటాక వెళ్లండి, అప్పుడైతే ఆవిడకు మాట్లాడే తీరిక ఉంటుంది. నచ్చిన పుస్తకం పేరు గుర్తు లేకపోయినా ఫరవాలేదు. నచ్చనిదాని పేరు, ఏ పుట దగ్గర ఆపేశారో గుర్తు పెట్టుకుని వెళ్తే చాలు.