బెంగళూరు–లండన్ ‘పదిన్నర గంటలే’ అంటే నమ్మి టికెట్ కొనకండి

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మనవాళ్లకు, ముఖ్యంగా అమ్మానాన్నలను ఒంటరిగా విదేశాలకు పంపేవాళ్లకు ఈ హెచ్చరిక.

చెల్లి కాన్పుకని జూన్‌లో అమ్మను లండన్ పంపించాను. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఇంగ్లిష్ రాదు. అందుకే రేటు ఎక్కువైనా పర్లేదు, మధ్యలో దిగే పని ఉండకూడదని ఏజెంట్‌కి ముందే చెప్పాను. “డైరెక్టే అన్నా, పదిన్నర గంటల్లో దిగిపోతారు” అన్నాడు. ఇచ్చిన కాగితం మీద కూడా పైనే ‘దూరం 8,030 కి.మీ., సమయం 10 గం. 30 ని.’ అని ఉంది. తెలుగువాడు కదా అని డబ్బు పంపేశాను.

అసలు టికెట్ వేరు. రాత్రి 9:30కి బెంగళూరులో ఎక్కి 12:15కి ఢిల్లీలో దిగాలి. మళ్లీ ఫ్లైట్ ఉదయం 9:45కి. లండన్ చేరేది మధ్యాహ్నం 2:15కి. ఈ టైములు చూస్తే 16 గంటల 45 నిమిషాలే అనిపిస్తుంది. కానీ ఆ 2:15 లండన్ టైము. ఎండాకాలంలో వాళ్లు మనకంటే నాలుగున్నర గంటలు వెనక, చలికాలంలో ఐదున్నర. జూన్ కాబట్టి ఆ నాలుగున్నర కలిపితే మొత్తం 21 గంటల 15 నిమిషాలు.

మరి ఆ పదిన్నర ఎక్కడిది? రెండు ఊళ్ల మధ్య నేరుగా కొలిచిన దూరాన్ని గంటకు 800 కి.మీ. చొప్పున భాగించి ఒక అరగంట కలిపితే దాదాపు అదే వస్తుంది. అది ఏ ఫ్లైట్ టైమూ కాదు. ఢిల్లీ మీదుగా పోయినా దూరం పెరిగేది 400 కి.మీ. చిల్లరే, కాబట్టి కిలోమీటర్లు చూస్తే మనకు అనుమానం కూడా రాదు.

ఇంకా ఘోరం, రెండు ఫ్లైట్లకీ పీఎన్‌ఆర్‌లు (బుకింగ్ నంబర్లు) వేరు. లండన్ టికెట్‌కి 23 కిలోల బ్యాగులు రెండు తీసుకెళ్లొచ్చు, ఢిల్లీ టికెట్‌కి 15 కిలోలే. దేవనహళ్లిలో, అంటే బెంగళూరు ఎయిర్‌పోర్టులో, కౌంటర్ దగ్గర బ్యాగు విప్పి శొంఠిపొడి, నువ్వుండలు, పసిబిడ్డ బొంతలు నేల మీద పెట్టుకుని కూర్చుంది అమ్మ. చివరికి అదనపు బరువుకి డబ్బు కట్టాను. మొదటి ఫ్లైట్ లేటై రెండోది తప్పిపోయినా అడిగే హక్కు ఉండదని అక్కడే తెలిసింది. వీల్‌చైర్ కూడా రెండో టికెట్‌కే రాసి ఉంది. ఢిల్లీలో అమ్మ తనే బెల్టు మీది బ్యాగులు దింపించుకుని, ఎవరినో బతిమాలి వాటిని తోయించుకుంది. తెల్లవారుజామున మూడింటికి ఫోన్ చేసి, “కాళ్లు వాచిపోయాయి నాన్నా, చెప్పులు పట్టడం లేదు” అంది. ఆ మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది.

ఏజెంట్‌ని అడిగితే, “గాల్లో ఉండేది పదకొండు పన్నెండు గంటలే కదన్నా” అన్నాడు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను.

మీరు ‘డైరెక్ట్’ అని అడగకండి. డైరెక్ట్ ఫ్లైట్ కూడా మధ్యలో ఆగొచ్చు. ‘నాన్‌స్టాప్’ అనే అడగండి. డబ్బు కట్టకముందే టికెట్ వాట్సాప్‌లో తెప్పించుకుని, మొత్తం ప్రయాణ సమయం ఎంతో, పీఎన్‌ఆర్ ఒకటేనో కాదో చూసుకోండి. మధ్యలో ఫ్లైట్ మారాల్సి వస్తే, దిగే ఎయిర్‌పోర్టూ ఎక్కే ఎయిర్‌పోర్టూ ఒకటేనా అన్నది కూడా ముఖ్యం. లండన్‌లోనే హీత్రూలో దిగి గాట్విక్‌లో ఎక్కాల్సిన టికెట్లు ఉంటాయి, వాటికి మనకు సాధారణంగా యూకే వీసా కావాలి.

అమ్మ తిరుగు టికెట్ కూడా అతని దగ్గరే తీశాను. దాన్ని నిన్న క్యాన్సిల్ చేసి, సగం పైగా పోయినా సరే, హీత్రూ నుంచి నేరుగా బెంగళూరుకి కొన్నాను. వీల్‌చైర్ రాశారని ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాకే అమ్మకు చెప్పాను.