క్వెమోయ్, మాట్సు: కెనడీ మాట కరెక్టా, నిక్సన్ మాటా?

1960 అమెరికా ప్రెసిడెంట్ ఎలక్షన్ డిబేట్లలో కెనడీకి, నిక్సన్‌కి ఈ రెండు బుల్లి దీవుల మీద జరిగిన గొడవ చూస్తే భలే అనిపిస్తుంది, ఎందుకంటే అవి తైవాన్ పాలకుడు చాంగ్ కై షేక్ చేతిలో ఉన్నా కమ్యూనిస్టు చైనా ఒడ్డుకి కూతవేటు దూరం, తైవాన్‌కి మాత్రం వంద మైళ్ళ పైనే.

కెనడీ ఏమన్నాడంటే, కాపాడ్డం కష్టమైన వాటికోసం యుద్ధంలోకి దిగడం ఎందుకు, మనం కాపాడే గీత తైవాన్ దగ్గర గీసుకుందాం అని. అమెరికా, తైవాన్‌ల 1954 రక్షణ ఒప్పందంలో కూడా తైవాన్, దాని పక్కనున్న పెస్కడోర్స్ దీవుల పేర్లే ఉన్నాయి, వీటివి లేవు, అంటే ఆయన గాల్లోంచి తీసిందేం కాదు.

నిక్సన్‌దేమో నేల ఎంత అని కాదు, సూత్రం ముఖ్యం, ఒక్కటి వదిలితే కమ్యూనిస్టులు ఇంకోటి అడుగుతారు అని. వినడానికి ఇదే గట్టిగా ఉంటుంది, ఓట్లకి పనికొచ్చే మాట కూడా. కానీ తర్వాత ఆయనే తగ్గి, ఈ దీవుల మీద దాడి తైవాన్ మీదకి వచ్చే ముందడుగైతేనే రంగంలోకి దిగుతాం అన్నాడు, కెనడీ కూడా అదే లైన్‌లో ఉన్న అప్పటి ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ పాలసీకి నా సపోర్ట్ ఉంది అనేశాడు, ఇంక తేడా ఎక్కడుంది చెప్పండి?

అయినా ఇద్దరూ మొదట అన్న మాట చూస్తే నా ఓటు కెనడీకే. ఇంతకీ 1958లో చైనా పేలిస్తే అక్కడ పడ్డ ఫిరంగి గుళ్ళ ఉక్కుతో క్వెమోయ్‌లో కూరగాయల కత్తులు చేసి టూరిస్టులకి అమ్ముతున్నారు!