జాగ్రత్త: కస్టడీ క్యాలెండర్ యాప్‌కి ఏడాది డబ్బు కట్టకముందే అయిదో శనివారం పెట్టి చూడండి

విడిగా ఉంటున్న అమ్మానాన్నలు పిల్లల రోజులు పంచుకోవడానికని అమ్ముతున్న ఒక క్యాలెండర్ యాప్ గురించి ఈ హెచ్చరిక. పేరు రాయడం లేదు. కింద చెప్పిన లోపాలను ఏ యాప్‌లోనైనా కాసేపట్లో పరీక్షించి చూసుకోవచ్చు, పేరు కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

మొదటి దెబ్బ ‘రిపీట్’ దగ్గరే. కోర్టు ఇచ్చిన కస్టడీ ఆర్డర్‌లో ప్రతి నెలా మొదటి, మూడో శనివారం పొద్దున 10 నుంచి ఆదివారం సాయంత్రం 5 వరకు తండ్రి దగ్గర అని ఉందనుకోండి. ఈ యాప్‌లో దానికి తగ్గ ఆప్షన్ లేదు, ‘ప్రతి 2 వారాలకు’ అన్నదే దిక్కు. మొదట్లో అంతా బాగానే కనిపిస్తుంది. 2026 జనవరి తీసుకుంటే 3, 17 తేదీలు ఆర్డర్‌తో కలుస్తాయి. కానీ ఆ నెలలో శనివారాలు అయిదు. యాప్ 31 కూడా తండ్రికే ఇచ్చేస్తుంది, అక్కణ్నుంచి లెక్క తప్పుతుంది. ఆర్డర్ ప్రకారం ఫిబ్రవరిలో 7, 21 రావాలి, యాప్ చూపించేది 14, 28. ఇద్దరి ఫోన్లకీ తప్పు తేదీకే రిమైండర్ మోగుతుంది. ఒకరు ఆర్డర్ పట్టుకుని, ఒకరు యాప్ పట్టుకుని గేటు దగ్గర వాదించుకుంటుంటే బ్యాగు తగిలించుకున్న పిల్ల మధ్యలో నిలబడుతుంది. ‘యాప్ అలా చూపించింది’ అన్నది కోర్టులో చెప్పుకోదగ్గ కారణం కాదు.

అందుకే ఉచిత ట్రయల్‌లోనే అయిదు శనివారాలున్న నెల ఒకటి వెతికి, దాని తర్వాతి నెల చూడండి. ‘నెలలో మొదటి శనివారం’ అని ఒక ఎంట్రీ, ‘మూడో శనివారం’ అని ఇంకో ఎంట్రీ విడివిడిగా పెట్టనిస్తే సరే. లేదంటే కొనకండి.

డాలస్, హ్యూస్టన్ వైపు ఉన్నవాళ్లకి ఇంకో చిక్కు. తల్లిదండ్రులిద్దరూ 100 మైళ్లలోపు ఉంటే టెక్సస్ స్టాండర్డ్ పొసెషన్ ఆర్డర్‌లో (పిల్లలు ఎప్పుడు ఎవరి దగ్గర ఉండాలో చెప్పే అక్కడి కోర్టుల మామూలు ఆర్డర్) వారాంతాలు 1, 3, 5వ శుక్రవారాలతో మొదలవుతాయి. అంటే అయిదో శుక్రవారం వచ్చిన మరుసటి వారమే మళ్లీ మొదటి శుక్రవారం, వరసగా రెండు వారాంతాలు ఒకరికే. రెండు వారాల రిపీట్ దీన్ని ఎప్పటికీ పట్టుకోలేదు. పైగా లెక్క శుక్రవారానిది, శనివారానిది కాదు. 2026 ఆగస్టు 1 శనివారం, కాబట్టి ఆ నెల మొదటి వారాంతం మొదలయ్యేది 7న.

రెండోది ఇంకా ప్రమాదం. రిపీట్ ఎంట్రీని మార్చబోతే ‘ఇదొక్కటే’, ‘ఇకముందువన్నీ’, ‘అన్నీ’ అని అడగాలి. ఈ యాప్ అడగదు, అన్నీ మార్చేస్తుంది. జూన్ నుంచి అప్పగించే టైం 5 కాకుండా 6 అని దిద్దితే, జనవరి నుంచీ 6 గంటలే ఉన్నట్టు పాత రోజులు కూడా మారిపోతాయి. ఎవరు దిద్దారో, ఎప్పుడు దిద్దారో జాడ ఉండదు. పాత క్యాలెండరే సాక్ష్యం అనుకున్నవాళ్లకి ఇంతకంటే నష్టం లేదు. ట్రయల్‌లో ఒక ఎంట్రీ దిద్ది, పోయిన నెలకి వెళ్లి చూస్తే తెలిసిపోతుంది.

రోజుల మార్పిడి అడిగితే 48 గంటల్లో అవతలివాళ్లు జవాబివ్వకపోతే ‘ఒప్పుకున్నట్టు’ అనే సెట్టింగ్ ముందే ఆన్ చేసి ఉంటుంది. మొదటి రోజే ఆపేయండి. ఇద్దరూ యాప్‌లో ఒప్పుకున్నా ఆర్డర్ మారదు. శాశ్వతంగా మార్చుకోవాలంటే కోర్టులో పిటిషన్ వేయాల్సిందే.

పండగల్ని ‘ఏటా రిపీట్’లో పెట్టకండి. దసరా 2025లో అక్టోబర్ 2న వచ్చింది, 2026లో అక్టోబర్ 20న. ఏడాదికోసారి క్యాలెండర్ చూసి చేత్తో వేసుకోవడమే మేలు. సెలవులు కూడా పిల్లల బడి ఏ రాష్ట్రంలో ఉందో దాన్ని బట్టే. హైదరాబాద్ బడి దసరా సెలవులూ, విజయవాడ బడి సంక్రాంతి సెలవులూ యాప్‌లోని ఇండియా హాలిడే లిస్టులో దొరకవు.

పిల్లలు డాలస్‌లో, అమ్మానాన్నల్లో ఒకరు ఇండియాలో ఉంటే వీడియో కాల్‌ని పిల్లల ఊరి టైంజోన్‌కే కట్టండి. మన ఆదివారం పొద్దున 7 గంటలంటే అక్కడ చలికాలంలో శనివారం రాత్రి 7:30. మార్చి రెండో ఆదివారం గడియారాలు మారాక అదే 8:30, చిన్నపిల్లలైతే నిద్రపోయే వేళ.

ఇక డబ్బు, ఫైళ్లు. ఇద్దరూ విడివిడిగా కట్టాలన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒకరు మానేస్తే రెండోవాళ్లకి పాత మెసేజ్‌లు తెరుచుకోవు. పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్ ఖరీదైన ప్లాన్‌లోనే ఉంది, ఆ పీడీఎఫ్‌లోనూ మెసేజ్ పంపిన తేదీ తప్ప టైం లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఒక భాగం మీరు, ఒక భాగం నిపుణుడు నింపాలి, ఫైలు హ్యాష్ వాల్యూ (ఫైలు మారలేదని చూపే, దాని వేలిముద్ర లాంటి కోడ్) కూడా రాయాలి. టైం లేని పీడీఎఫ్ ఇస్తే మీ లాయర్ మొదట అడిగేది దాని గురించే. కొనకముందే పరీక్షకి రెండు మెసేజ్‌లు పంపుకుని, ఎక్స్‌పోర్ట్ తీసి, పంపిన టైం, చదివిన టైం ఉన్నాయో లేదో చూడండి.

ఇప్పటికే కట్టేసినవాళ్లు: ప్లే స్టోర్‌లో కొని 48 గంటలు దాటకపోతే అక్కడే రిఫండ్ అడగండి. దాటితే కంపెనీకి రాయాలి. యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు, స్టోర్‌లో పేమెంట్స్ కింద విడిగా క్యాన్సిల్ చేయాలి. దానికంటే ముందు మొత్తం డౌన్‌లోడ్ చేసి రెండు చోట్ల దాచుకోండి. అకౌంట్ డిలీట్ చేయడం అన్నిటికంటే ఆఖర్న, అదీ కేసు నడుస్తుంటే లాయర్‌ని అడిగాకే.