57 అడుగుల ఇల్లు: ఇంగ్లండ్ కాలువల మీద నేరోబోట్ కాపురం

నేరోబోట్, అంటే ఇక్కడి ఇరుకు కాలువల్లో తిరిగే సన్నటి ఇంటి పడవ, కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు నేను ముందు మరుగుదొడ్డి గురించి చెబుతాను. అక్కడ మొహం చిట్లించినవాళ్లకు మిగతా సంగతులు చెప్పాల్సిన పని ఉండదు.

మాది 57 అడుగుల ఉక్కు పడవ, వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. ఇంగ్లండ్ నడిమి జిల్లాల్లో పాత లాకులను (పడవను ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే తలుపుల గదులు) 7 అడుగుల వెడల్పుతో కట్టారు కాబట్టి ఈ పడవల వెడల్పు అప్పుడే ఖాయమైపోయింది. పొడవు 70 అడుగుల దాకా ఉండవచ్చు గానీ, 57 దాటితే ఉత్తరాన కొన్ని పొట్టి లాకుల్లో పట్టదు. నేనూ మా ఆయనా అద్దె ఇల్లు ఖాళీ చేసి, కొన్నేళ్లుగా ఏడాది పొడవునా ఇందులోనే ఉంటున్నాం. ఇద్దరం కంప్యూటర్ ముందు పనిచేసేవాళ్లమే.

మరుగుదొడ్డి సంగతికి వస్తే, మాది క్యాసెట్ రకం. కింద 20 లీటర్ల డబ్బా ఉంటుంది. నిండగానే ఎల్సాన్ పాయింట్‌కు, అంటే కాలువ పక్కన మురుగు పారబోసే చోటుకు మోసుకెళ్లి, పారబోసి, కడిగి తెచ్చుకోవాలి. దీని గురించి నేను చదివిన సమీక్షలన్నీ కాగితం వాడేవాళ్లు రాసినవే. మగ్గు అలవాటున్న ఇంట్లో ఆ డబ్బా వాళ్లు చెప్పిన దానిలో సగం రోజులకే నిండుతుంది. నీళ్లు తగలకూడని కంపోస్ట్ రకం మనకు అసలే కుదరదు. పెద్ద ట్యాంకు పెట్టుకుని యంత్రంతో తోడించుకునే పద్ధతి సుఖమే. కానీ కాలువ గడ్డకట్టిన వారంలో పడవ కదలదు, ట్యాంకు నిండక మానదు. క్యాసెట్‌నైతే చిన్న తోపుడు బండి మీద పెట్టుకుని నడిచి వెళ్లవచ్చు. అందుకే క్యాసెట్‌తోనే ఉండిపోయాం. అదనంగా ఇంకో రెండు డబ్బాలు కొన్నాం, మగ్గు బదులు సన్నటి ముక్కున్న సీసా పెట్టాం. ఇప్పుడు ఇబ్బంది లేదు.

నీళ్ల ట్యాంకు పడవ ముందు భాగంలో ఉంటుంది. మాది సుమారు 500 లీటర్లది. కుళాయి ఉన్న చోట ఆగి, గొట్టం తగిలించి నింపుకోవాలి. ధార సన్నగా ఉంటే ఆ పూట అక్కడే గడుస్తుంది. బియ్యం కడిగిన నీళ్లతో గిన్నెలు తొలిపి, ఆ తర్వాతే మంచి నీళ్లు వాడే పద్ధతి మా అమ్మమ్మ దగ్గర చూసిందే, ఇక్కడ మళ్లీ పనికొచ్చింది. సింకు నీళ్లు నేరుగా కాలువలోకే పోతాయి కనుక నూనె మడ్డిని అందులో పోయకూడదు. ఒక సీసాలో పోగుచేసి చెత్త పాయింట్‌లో పడేస్తాం.

వంటకు 13 కిలోల ప్రొపేన్ సిలిండర్ వాడతాం. గ్యాసు లీకైనా పడవలోకి రాకుండా, దానికి ముందు భాగంలో విడిగా అర ఉంటుంది. గాలి ఆడే రంధ్రాలను మూయకూడదన్నది ఇక్కడి భద్రతా సూచన. అందువల్ల ఇంగువ పోపు పెట్టామంటే గట్టు మీద నడిచేవాళ్లందరికీ తెలిసిపోతుంది, కొందరు ఆగి మరీ ఏం వండుతున్నారని అడుగుతారు. అసలు చిక్కు ఆవిరితో. గోడలు ఉక్కువి కదా, అన్నం ఉడికిన ప్రతిసారీ కిటికీ చట్రాలకు నీళ్లు కారతాయి. మంచం కింద చెక్కపలకల మధ్య ఖాళీ వదలకపోతే పరుపు అడుగున బూజు పడుతుంది. చలికాలంలో తుడుపు గుడ్డ చేతిలోనే ఉండాలి.

బొగ్గు పొయ్యి మాత్రం నాకు ప్రాణం. పొగరాని బొగ్గు వేసి, గాలి తగ్గించి పడుకుంటే తెల్లవారేదాకా నిప్పు ఉంటుంది. పొయ్యి పక్కన పెట్టిన దోసెల పిండి డిసెంబరులో కూడా చక్కగా పులుస్తుంది, లండన్‌లోని ఏ అద్దె ఇంట్లోనూ నాకు అలా పులవలేదు. అయితే పొయ్యి ఒక కొసన, పడక గది ఇంకో కొసన. ఇక్కడ చెమట పడుతుంటే అక్కడ కాళ్లు కొంకర్లు పోతుంటాయి. కార్బన్ మోనాక్సైడ్ అలారం 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి. చట్టం లేకపోయినా అది లేకుండా నేను ఒక్క రాత్రి కూడా పడుకోను.

కరెంటు వేసవిలో సమృద్ధి. పైకప్పు మీది సౌర ఫలకాలతో ఫ్రిజ్, ల్యాప్‌టాప్‌లు, ఇన్వర్టర్ మీద మిక్సీ కూడా నడుస్తాయి. నవంబరు నుంచి జనవరి దాకా ఆ ఫలకాలు ఉన్నా లేనట్టే. ఇంజను తిప్పి బ్యాటరీలు నింపాలి, అదీ పక్క పడవల దగ్గర రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా తిప్పకూడదు. మసక వెలుతురు మధ్యాహ్నాల్లో ఆఫీసు సమావేశం జరుగుతుంటే వెనక డీజిల్ ఇంజను మోత. మా సహోద్యోగులు ఇప్పుడు ఆ మోత గురించి అడగడం మానేశారు.

లాకుల గురించి రాయకపోతే ఇది సమీక్ష కాదు. కోనసీమ వైపు లాకులు చూసి పెరిగినదాన్ని కనుక తలుపులు, నీటి ఎత్తుపల్లాలు నాకు కొత్త కాదు. అక్కడ లాకు తలుపుల పని కాలువ ఉద్యోగి లస్కరుది, ఇక్కడ నాది. విండ్‌లాస్ అనే ఎల్ ఆకారపు ఇనుప పిడిని పళ్లచక్రానికి తగిలించి తిప్పితే తూము లేస్తుంది. లోపలి నీళ్లు బయటి నీళ్లతో సమానమయ్యేదాకా తలుపు అంగుళం కూడా కదలదు. సమానమయ్యాక దూలానికి నడుము ఆనించి వెనక్కి తోయాలి. కాళ్లు జారకుండా నేల మీద అర్ధచంద్రాకారంలో ఇటుకలు ఉబ్బెత్తుగా పరిచి ఉంటాయి. వానలో ఆ ఇటుకల విలువ తెలుస్తుంది. దిగేటప్పుడు పై తలుపు దగ్గర రాతి గడప ఒకటి ఉంటుంది. పడవ వెనక భాగం దాని మీద కూర్చుండిపోతే ముందు భాగం నీళ్లతోపాటు దిగి మునిగిపోతుంది. గోడ మీద తెల్ల గీత గీసేది అందుకే. మా ఆయన చుక్కాని దగ్గర ఉంటే నా కళ్లు ఆ గీత మీదే ఉంటాయి.

ఇక్కడివాళ్లు లాకును ఒక మైలు కింద లెక్కగట్టి, లాకులూ మైళ్లూ కలిపి గంటకు మూడు అంటారు. లెక్క సరిగ్గానే ఉంటుంది. వేగం ఎలాగూ గంటకు 4 మైళ్లు దాటకూడదు. వూస్టర్ అండ్ బర్మింగ్‌హామ్ కాలువ మీద టార్డిబిగ్ దగ్గర 30 లాకులు వరసగా ఉంటాయి, బ్రిటన్‌లో అంత పొడవైన వరస మరొకటి లేదు. ఒక రోజులో ఎక్కామని గొప్పలు పోవచ్చు, మర్నాడు మాత్రం చేతులు లేవవు. వేల్స్‌లోని పాంట్‌కిసిల్టే ఆక్విడక్ట్ (కాలువను లోయ దాటించే వంతెన) మీద 126 అడుగుల ఎత్తున ఒక వైపు కటకటాలు కూడా లేకుండా పడవలో వెళ్లడం అద్భుతమే గానీ, వేసవిలో ఆ కాలువంతా రద్దీ. నా ఓటు దక్షిణ ఆక్స్‌ఫర్డ్ కాలువకు. పద్దెనిమిదో శతాబ్దపు కాలువల ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లీ కాలం నాటి పద్ధతిలో నేల ఎత్తును పట్టుకుని, వర్మ్‌లీటన్ పొలాల చుట్టూ ఊరికే మెలికలు తిరుగుతూ పోతుంది. పై మట్టాన 11 మైళ్ల పాటు లాకు అన్నదే లేదు.

గోదావరి కాలువల్లో నీళ్లు పారుతూనే ఉంటాయి, ఇక్కడ దాదాపు నిలిచి ఉంటాయి. ఇరుకు లాకు ఒక్కసారి దింపితే సుమారు లక్ష లీటర్లు కిందికి పోతాయి. అవి పైనున్న జలాశయాల నుంచి రావాల్సిందే. 2025 వేసవిలో జలాశయాలు అడుగంటి లీడ్స్ అండ్ లివర్‌పూల్‌తో సహా చాలా కాలువల్లో లాకులు మూసేశారు. అలా మూస్తే ఎక్కడివాళ్లు అక్కడే. అది ఎవరి తప్పూ కాదు, కానీ ఫలానా తేదీకి ఫలానా ఊళ్లో ఉండి తీరాలనుకునేవాళ్లకు ఈ జీవితం పడదు.

మాకు స్థిరమైన రేవు లేదు. 1995 చట్టం ప్రకారం ఒక చోట 14 రోజులకు మించి ఉండకూడదు, ఆ తర్వాత నిజంగా ప్రయాణిస్తూ ఉండాలి. శనివారాలు కదులుతాం. ఉత్తరాలకు స్నేహితుల చిరునామా, సరుకులు తెచ్చేవాళ్లకు దగ్గర్లోని కాలువ వంతెన నంబరు. అద్దె మిగులుతుందని దిగేవాళ్లు లెక్క మళ్లీ వేసుకోవాలి. లైసెన్సు మా పొడవుకు ఏడాదికి వెయ్యి పౌండ్లు దాటుతుంది, స్థిరమైన రేవు లేనివాళ్లకు 2024 నుంచి అదనపు రుసుం కూడా ఉంది. బీమా, నాలుగేళ్లకోసారి భద్రతా పరీక్ష, రెండు మూడేళ్లకోసారి పడవను నీళ్లలోంచి తీసి అడుగున నల్లరంగు వేయించడం, డీజిల్, బొగ్గు. మురుగుకూ, నీళ్లకూ, కరెంటుకూ మనమే పురపాలక సంఘం అయినప్పుడు ఆ చాకిరీకి విలువ కట్టేవాళ్లు ఎవరూ ఉండరు. నాకు ఆ చాకిరీ ఇష్టం కాబట్టి ఉన్నాను.

ఒక చాకిరీ మాత్రం ఇప్పటికీ పడదు. ప్రొపెల్లర్‌కు ఏదైనా చుట్టుకుంటే ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, వెనక చిన్న మూత తెరిచి చన్నీళ్లలో మోచేయి దాకా పెట్టి కోసి తీయాలి. సాధారణంగా ప్లాస్టిక్ సంచులు, తాళ్లు వస్తాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే లండన్‌లోని సౌతాల్ దగ్గర ఓసారి జరీ అంచు చీర వచ్చింది. బ్రెడ్ కోసే కత్తితో ముక్కలు ముక్కలుగా లాగుతుంటే మా ఆయన టార్చి పట్టుకుని, అంచు బాగుందే అన్నారు.

కొనే ఆలోచన ఉంటే జూన్‌లో కాకుండా ఫిబ్రవరిలో ఒక వారం అద్దెకు తీసుకుని ఉండి చూడండి. కొనేటప్పుడు అమ్మేవాళ్లు చూపించే సర్వే కాగితం చాలదు. మీరు పెట్టుకున్న సర్వేయరు చేత, పడవను పైకెత్తించి, ఉక్కు మందం కొలిపించండి. అడుగున సాధారణంగా 10 మిల్లీమీటర్లు, పక్కల 6 వేస్తారు. ఎక్కడైనా 4కు తగ్గితే చాలా బీమా సంస్థలు పేచీ పెడతాయి.