కడప బండ మీద ఆవుల మ్యాట్: ఏనుగు శాలకు పనికొస్తుందా?

కడపలో పశువుల సామాన్ల అంగళ్లలో అమ్మే రబ్బరు మ్యాట్ ఇది. పొడవు ఆరున్నర అడుగులు, వెడల్పు నాలుగు, మందం 17 మిల్లీమీటర్లు. పాడిపశువులకని చేసినదాన్ని జూల్లో, గుడి ఏనుగుల శాలల్లో పరిస్తే? జింకలకు వైద్యం చేసే గదికైతే ఐదుకు నాలుగు మార్కులు. ఏనుగు పడకకు ఒకటిన్నర, అది కూడా కింద ఉన్నది కడప బండ కాబట్టి.

ఆ బండ తడిస్తే జారుతుంది, వేసవిలో రాత్రి దాకా వేడి కక్కుతుంది. మూడు నాలుగు టన్నుల జంతువు దాని మీద ఒరగడానికి జంకి, నిలబడే కునుకు తీస్తుంది. నెలల తరబడి అదే తీరైతే కీళ్లు అరుగుతాయి, అరికాళ్లు పగులుతాయి, గోళ్లు చీలి చీము పడుతుంది. మ్యాట్ వేస్తే జారుడు తగ్గుతుంది. మెత్తటి పడక మాత్రం కాదు.

ఏనుగు పాదం వెడల్పు, అందుకని తొక్కుడుకు మ్యాట్ తొందరగా చెడదు. దాని శత్రువు తొండం. అంచు ఒక్క అంగుళం లేచినా పట్టి పీకుతుంది. చించిన ముక్క మింగితే పేగుకు అడ్డం పడొచ్చు. కాబట్టి అంచులన్నీ సిమెంటు గట్టు కిందికి పోవాలి. బోల్టులు కొట్టొద్దు, తలలు పాదానికి గుచ్చుకుంటాయి. మ్యాట్‌కూ మ్యాట్‌కూ మధ్య 5 మిల్లీమీటర్ల సందు వదలకపోతే ఎండల్లో రబ్బరు సాగి ఉబ్బెత్తుగా లేస్తుంది.

ఎక్కువమంది పట్టించుకోనిది మూత్రం. ఏనుగు రోజుకు దాదాపు 50 లీటర్లు పోస్తుంది. అది మ్యాట్ అడుగున నిలిస్తే అమ్మోనియా ఘాటుకు కళ్లు మండుతాయి, నానిన అరికాలు కుళ్లుతుంది. పదడుగులకు రెండంగుళాల వాలు పెట్టి, అడుగునున్న గాడులు కాలువ వైపు తిరిగేలా పరచాలి. వారానికొకసారి ఎత్తి కడగాలి. గట్టు కింద బిగించిన మ్యాట్ ఎత్తేదెట్లా? చిక్కంతా అక్కడే.

కొనేటప్పుడు మూల మడిచి చూడండి. మడతలో పగులు కనిపించినా, గోరుతో గీరితే నల్లపొడి రాలినా పాత టైర్ల సరుకు, వదిలేయండి.

ఏనుగుకు పడక ఇసుకే. 20 అడుగులు, 30 అడుగుల గదికి రెండడుగుల లోతున పోస్తే 1,200 ఘనపుటడుగులు, అంటే 12 యూనిట్లు. ఒక మూల నాలుగడుగుల దిబ్బ చేస్తే ఆనుకుని పడుకుంటుంది, తేలిగ్గా లేస్తుంది. రోజూ లద్దె ఎత్తి, తడిసిన చోట తవ్వి మార్చాలి. ఈ చాకిరీ తప్పించుకోవడానికే చాలాచోట్ల మ్యాట్ కొంటారు! స్నానం చేయించి గోళ్లు అరగదీసే చోట వేసుకుంటే ఫరవాలేదు. తిరగడానికి చోటు లేని లోటు మ్యాటూ తీర్చదు, ఇసుకా తీర్చదు. కేంద్ర జూ ప్రాధికార సంస్థ 2009లో ఏనుగులను జూల నుంచి అటవీ శిబిరాలకు తరలించమన్నది అందుకే.

జింకలకు కూడా వైద్యపు గది వరకే. ఎప్పుడూ మెత్తటి నేల మీదుంటే గిట్టలు అరగక పొడుగ్గా పెరిగి వంకర పోతాయి. ఆరుబయట ఎవరికీ వేయొద్దు. మే నెల ఎండలో నల్ల రబ్బరు పెనమే.