ఎనిమిది శనివారాలు, మూడక్షరాల ధాతువులు: బెంగళూరులో ఒక ఆదికాండం క్లాసు

బెంగళూరు ఫ్రేజర్ టౌన్‌లో ఒక చర్చి వెనక హాల్లో తెలుగులో నడిచే క్లాసు ఇది. నిర్వాహకుల పేరు రాయడం లేదు, తప్పులు కూడా చెప్పాలి కాబట్టి. ఎనిమిది శనివారాలు, మధ్యాహ్నం 3 నుంచి 5 దాకా. ఫీజు 2,400 రూపాయలు, స్పైరల్ బైండింగ్ చేసిన 72 పేజీల హ్యాండవుట్‌తో కలిపి. చెప్పేది రిటైరైన ఒక పాస్టరుగారు. వైట్‌ఫీల్డ్, కె.ఆర్. పురం వైపు వాళ్లు పర్పుల్ లైన్‌లో హలసూరు దాకా వచ్చి ఆటో పట్టుకుంటే నయం, ఆ వీధుల్లో కారు పెట్టే చోటు ఉండదు. క్లాసు ఉద్దేశం ఒక్కటే: ఆదికాండం కథల్ని హీబ్రూ ధాతువుల మీద నుంచి, అంటే మాటలకు మూలమైన మూడేసి అక్షరాల మీద నుంచి చదవడం. మొదటి రెండు వారాలు అక్షరాలకే పోతాయి. మిగిలిన ఆరింటిలో నాలుగు డబ్బుకు తగ్గవి, ఒకటి తప్పుదారి, ఒకటి దండగ.

అక్షరాల దగ్గరే మొదటి చిక్కు. హీబ్రూకు 22 అక్షరాలు, రాత కుడి నుంచి ఎడమకు. రెండు వారాల్లో గుర్తుపట్టడం వస్తుంది. అయితే చదవడం రానివాళ్లకు సాయంగా హ్యాండవుట్‌లో ప్రతి మాటనీ తెలుగు లిపిలో ఇచ్చారు, కింద చుక్కో గీతో లేకుండా. దాంతో అలెఫ్, అయిన్ రెండూ ‘అ’ అయిపోయాయి. హే, హేత్ రెండూ ‘హ’. కాఫ్, కోఫ్ రెండూ ‘క’. తావ్, తేత్ రెండూ ‘త’. మామూలు చదువుకు ఫరవాలేదు గానీ ధాతువుల క్లాసులో ఇది కొంప ముంచుతుంది. హవ్వ పేరులో ‘హ’ హేత్, హేబెలు పేరులో ‘హ’ హే. హేతో రాస్తే ‘హెవెల్’ అంటే ఊపిరి, ఆవిరి. ప్రసంగి గ్రంథంలో ‘వ్యర్థము’ అని మనకు తెలిసినది ఆ మాటే. హేత్‌తో రాస్తే తాడు. 1:3లో వెలుగు ‘ఓర్’, అలెఫ్‌తో. 3:21లో దేవుడు తొడిగించిన చర్మపు చొక్కాయిల్లో చర్మం కూడా ‘ఓర్’, కానీ అయిన్‌తో. ఈ ఒక్క అక్షరం తేడా మీదే యూదు పండితులు ‘వెలుగు వస్త్రాలు’ అనే వ్యాఖ్యానం అల్లారు. రబ్బీ మేయిర్ ప్రతిలో అలాగే రాసి ఉండేదని మిద్రాష్ అనే పాత యూదు వ్యాఖ్యానం చెబుతుంది. ఇంత రుచైన విషయం హ్యాండవుట్‌లో కనిపించకుండా పోయింది, రెండు మాటలూ అక్కడ ఒకేలా అచ్చయ్యాయి కనుక. చేరేవాళ్లు మొదటి రోజే ఎర్ర పెన్నుతో హేత్, అయిన్, కోఫ్, తేత్ వచ్చిన చోటల్లా కింద చుక్క పెట్టుకోవాలి. గంటన్నర పని.

మూడో వారం ఆదాము కథ. ‘ఆదామ్’ మనిషి, ‘అదామా’ నేల, ‘దామ్’ రక్తం. 4:10లో తమ్ముడి రక్తం నేలలోనుంచి మొరపెట్టేటప్పుడు ఈ మాటలు ఒకదాని వెంట ఒకటి చెవిలో మోగుతాయి. మన బైబిల్లో ‘నేలమంటితో నరుని నిర్మించి’ అన్నచోట ఆ మోత పోయింది. 2:23లో మాత్రం మన అనువాదకులు గెలిచారు: ‘ఈష్’, ‘ఇష్షా’ జంటకు ‘నరుడు’, ‘నారి’ అని పెట్టారు. తమాషా ఏమిటంటే సంస్కృతంలో నర, నారీ నిజంగానే చుట్టాలు. ఈష్, ఇష్షా మాత్రం వేర్వేరు ధాతువుల నుంచి వచ్చాయని చాలామంది పండితుల మాట. పాస్టరుగారు ఈ సంగతి దాచకుండా చెప్పడం బాగుంది. 2:25లో వాళ్లిద్దరూ ‘అరుమ్మీమ్’, అంటే దిగంబరులు. ఆ వెంటనే 3:1లో సర్పం ‘అరూమ్’, అంటే యుక్తిగలది. మధ్యలో అధ్యాయం మారింది గానీ హీబ్రూ చెవికి అది ఒకే దెబ్బ. ఇక్కడ నిఘంటువు తెరిచి దిగంబరత్వానికీ యుక్తికీ లోపల ఏదో సంబంధం ఉందని తవ్వకూడదు. ఇది శ్లేష. ప్రబంధాలు చదివినవాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

దేవుడికి హీబ్రూ మాట ‘ఎలోహీమ్’ బహువచనం కదా, మన ‘గారు’ లాంటిదే అని అదే వారం ఒక మాట పడింది. సరిపోదు. పాస్టరుగారు ‘వచ్చారు’ అంటాం, ‘వచ్చాడు’ అనం. హీబ్రూలో నామం బహువచనం, క్రియ ‘బారా’ ఏకవచనం. ‘దేవుళ్లు సృజించాడు’ అన్నట్టుంటుంది.

క్లాసుకు ప్రాణం ఐదో వారం, ఇస్సాకు నవ్వు. ధాతువు త్సాదే–హేత్–కోఫ్, నవ్వడం. ఇస్సాకు పేరు దీన్నుంచే. పద్ధతి ఇలా నేర్పారు. ముందు తెలుగు వచనం చదవాలి. తర్వాత హీబ్రూలో ఆ మాటను పట్టుకుని, ముందున్న, వెనకున్న అక్షరాలు ఒలిచి మూడక్షరాలు మిగల్చాలి. ఆ తర్వాత ఆ క్రియ ఏ రూపంలో ఉందో చూడాలి: మామూలు ‘కాల్’ రూపమా, నడిమి అక్షరం ఒత్తుకునే ‘పియేల్’ రూపమా. చివర ఆదికాండంలో అదే ధాతువు వచ్చిన చోట్లన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకోవాలి. రాస్తే ముఖ్యంగా ఇవి వస్తాయి: 17:17లో అబ్రాహాము నవ్వాడు, 18:12లో శారా నవ్వింది, 21:6లో వినేవాళ్లందరూ తన విషయమై నవ్వుతారంది. ఇవన్నీ కాల్. 19:14లో లోతు అల్లుళ్లకు మామగారు ఎగతాళి చేస్తున్నట్టు కనిపించాడు, 21:9లో హాగరు కొడుకు ‘పరిహసించుట’, 26:8లో ఇస్సాకు రిబ్కాతో ‘సరసమాడుట’. ఇవి పియేల్. నవ్వడం వేరు, నవ్వులాట వేరు, నవ్వులపాలు చేయడం వేరు. తెలుగులో మాట మారింది, హీబ్రూలో ధాతువు మారలేదు. అసలు కీలకం 21:9. అక్కడ ఇష్మాయేలు ఎవరిని చూసి, ఎవరితో ఆ పని చేశాడో హీబ్రూ చెప్పదు. పాత గ్రీకు అనువాదమైన సెప్టుయజింట్ మాత్రం ‘ఆమె కొడుకు ఇస్సాకుతో’ అని కలిపింది. హీబ్రూనే పట్టుకుంటే, ఇస్సాకు పేరులోని క్రియే ఇష్మాయేలు చేస్తున్నాడు. అంటే దాసి కొడుకు ఇస్సాకు స్థానంలో ఆడుకుంటున్నట్టు శారా కళ్లకు కనిపించిందన్నమాట. ఆమె కోపానికి కారణం వెతకడానికి వేరే కట్టుకథ అక్కర్లేదు. రెండు గంటలూ ఈ ఒక్క కాగితం మీదే గడిచాయి. క్లాసంతా ఇలాగే ఉంటే ఫీజు రెట్టింపైనా చేరమనే చెప్పేవాళ్లం.

బాబెలు గోపురం, యాకోబు కథ కూడా బాగానే సాగాయి. బాబెలుకు 11:9 చెప్పే కారణం ‘బాలల్’, తారుమారు చేయడం. ఆ ఊరివాళ్ల అక్కడియన్ భాషలో మాత్రం ఆ పేరుకు ‘దేవుని ద్వారం’ అని అర్థం చెప్పుకున్నారు. ఆదికాండం కావాలనే ఎకసెక్కం చేసింది. 27:36లో ఏశావు ఏడుపు: జ్యేష్ఠత్వం ‘బెఖోరా’ పోయింది, దీవెన ‘బెరాఖా’ పోయింది. రెండక్షరాలు అటూ ఇటూ మారితే ఒకటి రెండోదవుతుంది. 25:30లో ఎరుపును హీబ్రూ రెండుసార్లు అంటే మన బైబిలూ ‘ఎఱ్ఱయెఱ్ఱగా’ అంది. అనువాదకులకు దండం పెట్టాలి.

తప్పుదారి పట్టింది నోవహు వారం. 6:14లో ఓడకు ‘లోపటను వెలుపటను కీలు పూయవలెను’. ఇక్కడ కీలు అంటే తారు లాంటిది, తలుపు కీలు కాదు. ఇది చెప్పాల్సింది, చెప్పలేదు. హీబ్రూలో ఆ కీలు ‘కోఫెర్’. ప్రాయశ్చిత్త దినం యోమ్ కిప్పూర్‌లోనూ కాఫ్–పే–రేష్ అక్షరాలే ఉన్నాయి కనుక ఓడకు పూసింది ప్రాయశ్చిత్తమే అని 40 నిమిషాల ప్రసంగం నడిచింది. వినడానికి ఇంపుగానే ఉంటుంది. అయితే ఈ కోఫెర్‌కు దగ్గరి బంధువు అక్కడియన్ ‘కుప్రు’, అంటే తారు. పూయడం అనే అర్థంలో ఆ క్రియ కాల్ రూపంలో బైబిలంతటిలో ఈ ఒక్కచోటే ఉంది. ప్రాయశ్చిత్తానికి వాడేది పియేల్. ‘పనిలో పాలు పంచుకున్నారు’ అంటే అందులో నందిని పాకెట్ ఉండదు కదా. నిజానికి ఆ పియేల్ ఆదికాండంలోనే ఉంది: యాకోబు కానుకలు ముందు పంపి ఏశావును చల్లబరచాలనుకున్న చోట, 32:20లో. అక్కడికి తీసుకెళ్తే ప్రాయశ్చిత్తం మాట పుట్టుక నేలమీద కనిపించేది. ఓడకు వాడిన ‘తేవా’ అనే మాట నోవహు ఓడకూ, నిర్గమకాండం 2లో పసిబిడ్డ మోషేను పెట్టిన పెట్టెకూ తప్ప ఇంకెక్కడా రాదు. ప్రసంగానికి అంతకంటే గట్టి సరుకు ఏం కావాలి? దానికి ఐదు నిమిషాలిచ్చారు.

దండగ వారం ఏడోది. అక్షరాల బొమ్మలతో అర్థం చెప్పడం: అలెఫ్ అంటే ఎద్దు, బేత్ అంటే ఇల్లు, కాబట్టి ‘అబ్’ అంటే ఇంటికి బలం, అంటే తండ్రి. యూట్యూబ్ నిండా ఇదే. అక్షరాల పేర్లు పాత బొమ్మల నుంచి వచ్చిన మాట నిజమే, కానీ మాటలు అలా బొమ్మలు పేర్చి పుట్టలేదు. ధాతువును కూడా మితిమీరి నమ్మితే ఇదే గతి. నీరసంగా ఉందన్నవాడికి రసం పోసి పెట్టం. 1961లోనే జేమ్స్ బార్ అనే పండితుడు ఈ అలవాటును ఉతికి ఆరేశాడు. ఆ సంగతి ఆఖరి వారంలో ఒక వాక్యంగా వచ్చింది, ఏడో వారానికి ముందే రావాల్సింది.

ఏం కొనాలన్న సలహా కూడా కొంత సవరించుకోవాలి. క్లాసులో బ్రౌన్–డ్రైవర్–బ్రిగ్స్ నిఘంటువు (1906) కొనమంటారు. మంచిదే, కానీ అందులో మాటలు అకారాదిగా కాదు, ధాతువుల కింద ఉంటాయి. 2:4లో ‘ఉత్పత్తిక్రమము’, 6:9లో ‘వంశావళి’ అని మనం చదివేది ఒకే మాట, ‘తోలెదోత్’. దాన్ని తావ్ కింద వెతికితే ఒక పట్టాన దొరకదు. యోద్–లామెద్–దాలెత్, అంటే కనడం అనే ధాతువు కింద ఉంటుంది. ధాతువు తెలిస్తేనే దొరికే నిఘంటువు, ధాతువు తెలియనివాళ్లకు మొదటి నెలలో బరువే. దాని బదులు ఉచితంగా దొరికే స్టెప్ బైబిల్ అనే వెబ్‌సైటు వాడండి. మాట మీద నొక్కితే స్ట్రాంగ్ నంబరు (స్ట్రాంగ్ అనే ఆయన పట్టీలో ఒక్కో హీబ్రూ మాటకు వేసిన వరస అంకె), క్రియారూపం రెండూ చూపిస్తుంది. నంబరు ఒక్కటే చూసి ఆగొద్దు: నవ్వు 6711 అని తెలిస్తే అది కాలో పియేలో తెలియదు, ఐదో వారం పాఠమంతా ఆ తేడాలోనే ఉంది. 1890 నాటి స్ట్రాంగ్ అర్థాల పట్టీని కూడా మెనూ కార్డులా నచ్చింది ఏరుకోవడానికి వాడకూడదు. తెలుగు పక్కన పెట్టుకోవడానికి పాత బైబిల్ సొసైటీ అనువాదమే మేలు. 1:2లో ఆత్మ జలాలపైన ‘అల్లాడుచుండెను’ అని, ద్వితీయోపదేశకాండం 32:11లో పక్షిరాజు పిల్లలపైన ‘అల్లాడుచు’ అని, ఒకే హీబ్రూ క్రియకు ఒకే తెలుగు మాట నిలబెట్టారు అందులో.

హ్యాండవుట్‌లో 32వ అధ్యాయం అంకెలు హీబ్రూ లెక్క ప్రకారం ఉన్నాయి, ఆ సంగతి ఎక్కడా రాయలేదు. మన 31:55 వాళ్లకు 32:1. కాబట్టి యాకోబు పెనుగులాట చదివే రోజున హ్యాండవుట్‌లో 32:25 అని ఉంటే మీ బైబిల్లో 32:24 తెరవండి.