అంబాసిడర్ ఇంజను: పాతదే చేయించాలా, ఇసుజు ఎక్కించాలా?

పాత అంబాసిడర్ నీలం పొగ తోలుతూ ఆయిలు తాగడం మొదలెడితే భీమవరంలోనైనా అమలాపురంలోనైనా వినబడే సలహా ఒకటే: "ఇసుజు ఎక్కించేద్దామండి, గొడవొదిలిపోద్ది." ఇసుజు అంటే తర్వాతి అంబాసిడర్లలో వచ్చిన జపాన్ కంపెనీ ఇంజను. అది ఎక్కిస్తే అంత తేలిగ్గా ఏమీ వదలదు.

ముందు కంప్రెషన్, అంటే సిలిండర్లో పుట్టే ఒత్తిడి, గేజి పెట్టి చూపించండి. తక్కువ చూపించిన సిలిండర్లో ప్లగ్గు రంధ్రంలోంచి చెంచాడు ఆయిలు పోసి మళ్లీ చూడాలి. గేజి ముల్లు లేస్తే అరిగినవి పిస్టన్ రింగులో, బోరో (సిలిండరు లోపలి గోడ). లేవకపోతే వాల్వులో, గాస్కెట్టో. హెడ్డు పనితో పోయేదానికి ఇంజనంతా దింపడం దండగ.

పాత 1489 సీసీ ఇంజను బ్రిటన్ బీఎంసీ వాళ్ల బీ-సిరీస్. బోరింగు (అరిగిన సిలిండరు గోడని కోసి సమం చేయడం, దీన్నే రీబోరు అంటారు), పిస్టన్లు, క్రాంకు గ్రైండింగు, బేరింగులు: మంచి లేతు షాపు ఉంటే అన్నీ చేయించుకోవచ్చు. బోరు ఇప్పటికే ఎన్ని థౌ (అంగుళంలో వెయ్యో వంతు) పెరిగిందో కొలిపించండి. చివరి సైజూ దాటేస్తే స్లీవులు (సిలిండరు లోపల దిగేసే కొత్త గొట్టాలు) వెయ్యాలి, ఖర్చు పెరుగుతుంది. వాల్వు సీట్లు అరగకుండా కాపాడిన సీసం కలిపిన పెట్రోలు 2000లోనే పోయింది కాబట్టి హెడ్డు దింపినప్పుడే గట్టి వాల్వు సీట్లు వేయించాలి. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుకి తట్టుకునే గొట్టాలు, పంపు డయాఫ్రం కూడా అప్పుడే. మన వైపు అసలు శత్రువు నీళ్లు. ఏళ్ల తరబడి రేడియేటర్లో ఉప్పు బోరు నీళ్లు పోసిన బండ్లే ఎక్కువ. బ్లాకు నీటి దారుల్లో పేరుకున్న తుప్పూ సున్నమూ కడిగించకుండా కొత్త పిస్టన్లు వేస్తే వేడెక్కి మళ్లీ పట్టేస్తాయి. క్రాంకు వెనక నుంచి చుక్క చుక్క ఆయిలు కారుతుందంటారా, అక్కడ ఇప్పటి ఇంజన్లకున్న రబ్బరు సీలు లేదు. మేస్త్రీని తిట్టకండి.

ఇసుజు 1817 సీసీ. 50 హార్స్‌పవర్ దగ్గర ఉన్న బండి 75కి పోతుంది, గేర్లు అయిదు. ఏసీ వేసుకుని హైదరాబాద్ వెళ్లేవాళ్లకి హాయే. కానీ దాని వెంట గేరుబాక్సు, మౌంటింగులు, ప్రొపెల్లర్ షాఫ్టు, రేడియేటరు కూడా మార్చాల్సి వస్తాయి. పాత డ్రమ్ బ్రేకులు ఆ వేగానికి చాలవు. పైగా అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగింది. దొరికే ఇసుజు ఏ టాక్సీలోనో అరిగినదే, దానికీ పని తప్పదు.

ఇక కాగితాలు. ఇంజను మారిస్తే ఆర్టీవో అనుమతి తీసుకుని ఆర్సీలో నంబరు మార్పించాలి. 50 ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల కింద వీఏ సిరీస్ వింటేజ్ నంబరు వస్తుంది, కానీ ఇంజను, ఛాసిస్ మార్పులు జరిగి ఉండకూడదు. అంత పాత మోడల్ మార్క్ 2 ఉన్నవాళ్లు ఇసుజు మాటే ఎత్తకూడదంటాను.

విజయవాడ ఆటోనగర్లో అదే మోడల్ పాత ఇంజను కొనడం మూడో దారి. మీ బ్లాకు పగిలితే తప్ప వద్దు.

కాలవ గట్ల మీద, ఎత్తూ పల్లం లేని రోడ్ల మీద పాలకొల్లు, ద్రాక్షారామం తిరిగే బండికి 50 హార్స్‌పవర్ చాలు. నా ఓటు రీబోరుకే. 90ల నాటి బండి, రోజూ దూరాలు తిరిగేదైతే ఇసుజు సరే. రీబోరైతే మొదటి వెయ్యి కిలోమీటర్లు నెమ్మదిగా తోలాలి, మధ్యలో ఓసారి ఆయిలు మార్చాలి. సంక్రాంతికి అల్లుళ్లని ఎక్కించుకోవాలంటే దసరాకే ఇంజను దింపించండి.